దీవిలో ఒక పూట భోజనం

మొన్న మా అమ్మాయి హైదరాబాదు నుంచి ఫోన్ చేసి, "అమ్మా, ఈసారి నువ్వూ నాన్నా ఏ సాకులూ చెప్పకండి. మూడు రోజులు ఏదైనా దీవికి వెళ్లొద్దాం. సముద్రం ఒడ్డునే గది. మధ్యాహ్నానికి చేపలు, రొయ్యలు, పీతలు, ఏం కావాలంటే అది వండి పెడతారు. నువ్వు గరిటె ముట్టుకోనక్కర్లేదు" అంది.

గరిటె ముట్టుకోనక్కర్లేదన్న మాట దగ్గర నా మనసు కాస్త మెత్తబడిందనే చెప్పాలి. నలభై ఏళ్లకి పైగా గరిటె పట్టుకున్న చెయ్యి కదా! మావారు మాత్రం పేపరు దించకుండానే "ఎంతవుతుందిట?" అన్నారు. మగవాళ్లకి ఎంత అందమైన చోటైనా ముందు లెక్కల్లోంచే కనబడుతుంది.

"ఏ దీవే?" అని అడిగాను.

"మాల్దీవులు."

"అంత దూరం దేనికే? మన దీవి ఉందిగా!" అన్నాను.

అవతల నిశ్శబ్దం. హైదరాబాదులో పుట్టి పెరిగిన పిల్ల. అమ్మమ్మగారి ఊరు చుండూరని తెలుసు, చుండూరుకి వెళ్లాలంటే తెనాలి తర్వాత దిగాలని తెలుసు. తెనాలి నుంచి ఇంకో రైలెక్కి రేపల్లె వెళ్లి, అక్కడ కృష్ణ దాటితే ఒక దీవి వస్తుందని దానికెవరు చెప్పారు? నేనే చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకూ అప్పుడే ఆలోచన వచ్చింది.

పేరులోనే ఉంది గమ్మత్తంతా. మాల్దీవుల చివర ఉన్నదీ, లక్షదీవుల చివర ఉన్నదీ ఒకటే మాట. గుజరాతు కొసన పోర్చుగీసువాళ్లు 1961 దాకా పట్టుకుని వదలని డయ్యూ కూడా ఆ మాటే. అన్నింటికీ తల్లి సంస్కృతంలోని ద్వీపం. నోళ్లలో నానీ నానీ ఒకచోట దీవైంది, ఒకచోట డయ్యూ అయింది. మాల్దీవులకీ లక్షదీవులకీ ముందు ఏదో ఒక తోక ఉంది గానీ, మనదానికి ఏమీ లేదు. ఉత్త దీవి. దీవి తాలూకా, దీవిసీమ. చుట్టుపక్కలవాళ్లకి వేరే దీవి తెలియనప్పుడు పేరుతో పనేముంది? ఇంట్లో ఒక్కడే పిల్లాడైతే 'అబ్బాయి' అంటే చాలదూ!

కృష్ణమ్మ విజయవాడ దాటి వచ్చి వచ్చి, పులిగడ్డ దగ్గర రెండు పాయలుగా చీలుతుంది. సముద్రంలో కలిసేలోగా ఆ రెండు చేతుల మధ్యా ఇంత నేలని పొదివి పట్టుకుంటుంది. అదే దీవి. అవనిగడ్డ, కోడూరు, నాగాయలంక అన్నీ అందులోవే. అసలు నీటి మధ్య నేలకి మన తెలుగులో ఉన్నన్ని పేర్లు ఇంకెక్కడైనా ఉన్నాయో లేదో! నది మధ్యలో మేట వేస్తే లంక. ఇసక పేరుకుంటే తిప్ప. కాస్త ఎత్తుగా ఉంటే దిబ్బ. ఆ తాలూకా ఊళ్ల పేర్లు వరసగా చదవండి: నాగాయలంక, పాలకాయతిప్ప, ఈలచెట్లదిబ్బ, హంసలదీవి. నిఘంటువు తీయనక్కర్లేదు.

ఈ దీవిని చూసి ముచ్చటపడ్డది మనమొక్కళ్లమే కాదు. దేశదేశాలవాళ్లూ దీనికి పెళ్లిచూపులకి వచ్చినవాళ్లే. ఇవతలి ఒడ్డున, రేపల్లెకి దిగువనున్న నిజాంపట్నానికి 1606లో డచ్చివాళ్లు, 1611లో గ్లోబు అనే ఓడలో ఇంగ్లీషువాళ్లు వచ్చి దిగారు. మన నేతచీరలు, అద్దకం బట్టలు కొనుక్కుపోవడానికి. ఆ తర్వాత వందేళ్లకి ఇంగ్లీషు కంపెనీవాళ్లు ఢిల్లీ పాదుషా ఫరూఖ్‌సియర్ దగ్గరికి జాన్ సర్మన్ అనే ఆయన్ని పెద్ద రాయబారంగా పంపారు. పాదుషాకి జోధపూర్ రాజకుమార్తెతో పెళ్లి కుదిరింది. తీరా పెళ్లికొడుకుకి జబ్బు. రాయబారులతో వచ్చిన హామిల్టన్ అనే డాక్టరు వైద్యం చేసి నయం చేశాడు. 1715లో పెళ్లయింది. ఇంక అడిగినవాడికి లేదనగలడా కొత్త పెళ్లికొడుకు? 1717లో ఫర్మానాలు పుచ్చుకుని మరీ కదిలారు. అయితే వాళ్లు అడిగినవాటి జాబితాలో ఏముందనుకున్నారు? బందరు దగ్గర ఉన్న మన దీవి! కాగితాల మీద దాన్నీ డయ్యూ అనే రాసుకున్నారు పాపం. 1750 తర్వాత బందరుతోపాటు ఇది ఫ్రెంచివాళ్ల చేతిలోకి పోయింది. 1759 ఏప్రిల్లో కర్నల్ ఫోర్డు బందరు కోట పట్టుకున్నాక మళ్లీ ఇంగ్లీషువాళ్లదైంది.

ఇన్ని సంగతులూ నాకు ఆ తర్వాత పుస్తకాల్లో తెలిసినవి. నేను దీవిని మొట్టమొదట చూసినప్పుడు నాకు తెలిసిందల్లా, చేతిలో ఉన్న అరిసె ఎవరూ లాక్కోకుండా చూసుకోవడం.

అది 1972, మాఘ పౌర్ణమి. మా నాయనమ్మకి హంసలదీవి దగ్గర సాగరసంగమంలో స్నానం చెయ్యాలని ఎన్నాళ్లనుంచో కోరిక. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ రోజుల్లో ఆడవాళ్లకి "సరదాగా వెళ్లొస్తాం" అనే మాట లేదు. సముద్రం చూడాలని ఉందంటే, "చూసి ఏం చేస్తావు?" అనేవారు. సముద్రస్నానం చేస్తే పుణ్యం అంటే మాత్రం బండి కట్టేవారు. మన అమ్మమ్మలూ నాయనమ్మలూ తక్కువవాళ్లా? నాలుగు పుణ్యాలు వెతుక్కుని పెట్టుకున్నారు. కార్తీకంలో వనభోజనాలు, మాఘంలో సముద్రం, పుష్కరాలకి గోదావరి, శివరాత్రికి కోటప్పకొండ. ఇప్పుడు మా అమ్మాయి చెప్పే మూడు రోజుల ప్యాకేజీకి అసలు కనిపెట్టినవాళ్లు వాళ్లే. పేరొక్కటే వేరు.

పుణ్యం నాయనమ్మది, పని అమ్మది. రాత్రి రెండింటికే అమ్మ లేచి పొయ్యి రాజేసింది. ఇంత పులిహోర కలిపి, ఇంత పెరుగన్నం కలిపి, ఆకులు కోసి, చెంబూ తపేలా సర్ది, మమ్మల్ని లేపి జడలు వేసేసరికి తెల్లారుతోంది. నాన్న మాత్రం ఉత్తరీయం భుజాన వేసుకుని, "ఇంకా ఆలస్యమా?" అన్నారు.

చుండూరు స్టేషనులో బండెక్కి తెనాలి. అక్కడ దిగి రేపల్లె బండి. ఆ లైను 1916లో వేశారట. వేమూరు దాటాక భట్టిప్రోలు వచ్చింది. నాన్న బడిపంతులు గనక కిటికీలోంచి చెయ్యి చాపి, "అదిగో, అక్కడే బుద్ధుడి స్తూపం. 1892లో తవ్వితే రాతి బరిణెలు దొరికాయి. వాటి మీద రాసిన అక్షరాలు రెండువేల ఏళ్ల పైమాట" అన్నారు. అంతకు ముందే ఆ స్తూపం ఇటుకలు రోడ్డుకీ, పాలరాళ్లు కాలవ పనులకీ పట్టుకుపోయారని కూడా చెప్పారు. నాయనమ్మ "బుద్ధుడు ఏమనలేదా?" అంది. "ఆయన ఏమీ అనడనేగా తీసుకుపోయారు!" అన్నారు నాన్న. అమ్మ నవ్వింది. ఇంట్లో ఉన్నప్పుడు అమ్మ నాన్న మాటకి అలా పైకి నవ్వగా నేను చూడలేదు.

రేపల్లెలో దిగి బస్సులో పెనుమూడి రేవు. అక్కడ కృష్ణని చూస్తే గుండె ఝల్లుమంది. విజయవాడలో చూసిన కృష్ణ కాదు. అవతలి గట్టు గీతలా కనబడుతోంది. లాంచీలో మనుషులు, సైకిళ్లు, కోళ్లగంపలు, కొత్త పెళ్లికూతురు, అన్నీ కలిపి కుక్కారు. అవతల పులిగడ్డలో దిగాం. అక్కడ కాలవని ఏటి మీదుగా వంతెన వేసి దాటించిన అక్విడక్టు చూపించారు నాన్న. చుట్టూ నీళ్లున్నా దీవికి సాగునీటికి కటకటేనట. సముద్రం పోటెత్తితే ఏరు ఉప్పబడుతుంది మరి. 1855 నాటికి బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టి రెండువైపులా డెల్టాకి నీళ్లిచ్చినా, మధ్యనున్న దీవికి అందలేదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పెద్ద పెద్ద ఆయిలింజన్లు పెట్టి కృష్ణ నీటిని దీవిలోకి తోడారు. తర్వాత ఈ అక్విడక్టు వచ్చింది. "నీళ్ల మధ్య కాపురం, నీళ్లకే కరువు" అంది నాయనమ్మ. ఉమ్మడి కాపురాల్లో ఆడవాళ్ల సంగతి కూడా అంతే అని ఇప్పుడనిపిస్తుంది.

అవనిగడ్డ నుంచి కోడూరు, కోడూరు నుంచి ఎడ్లబండి. హంసలదీవి వేణుగోపాలస్వామి గుడికి ఓ కథ ఉంది. దేవతలే వచ్చి ఒక్క రాత్రిలో కట్టారట. కోడి కూసేసరికి గోపురం పూర్తి కాకుండానే వెళ్లిపోయారట. ఊరి పేరుకి ఇంకో కథ. అందరి పాపాలూ కడిగీ కడిగీ గంగ నల్లని కాకి రూపంలో తిరుగుతూ, ఇక్కడ కృష్ణ సముద్రంలో కలిసేచోట మునిగి తెల్లని హంసై లేచిందట. నాకు ఆ కథంటే ఇష్టం. ఎప్పుడూ ఇతరుల మురికి కడిగేదానికి కూడా ఓ స్నానం కావాలని ఎవరికో తోచింది కదా!

సముద్రం చూసి అమ్మ ఏమీ అనలేదు. మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి, కొంగు బిగించి, అలా చూస్తూ ఉండిపోయింది. నాయనమ్మ మూడు మునకలూ వేసి, సంకల్పం అయిందనిపించుకుని, "ఇంక బయటికి రండి" అనేదాకా.

తిరుగు ప్రయాణంలో ఇసక బాటలో మా బండి ఇరుసు విరిగింది. పొద్దు వాలుతోంది. బండివాడు ఇంకో ఇరుసు కోసం వెళ్లాడు. తిండి అంతా మధ్యాహ్నమే అయిపోయింది. తమ్ముడు ఆకలని ఏడుపు మొదలుపెట్టాడు. దగ్గర్లో ఉన్నది చేపలు పట్టుకునేవాళ్ల చిన్న పల్లె. పదో పన్నెండో తాటాకు గుడిసెలు, బయట ఎండుతున్న వలలు.

ఒకావిడ వచ్చి, "పిల్లల్ని ఏడిపిస్తారేంటి, రండి" అని లోపలికి పిలిచింది. వయసు మా అమ్మంత ఉంటుంది. నాన్న నాయనమ్మ వైపు చూశారు. నాయనమ్మ ఆకాశం వైపు చూసింది. ఆ చూపులకి అర్థం అప్పుడు తెలియలేదు. వాళ్లింట మనం తినొచ్చా అన్నదే ఆ మాట్లాడని మాట. ఊళ్లో అయితే ఆ ప్రశ్నే రాదు. ఎవరి గుమ్మం ఎక్కాలో, ఎవరింట్లో మంచినీళ్లు పుచ్చుకోవాలో పుట్టకముందే నిర్ణయమైపోయి ఉంటుంది. కానీ అక్కడ చుట్టూ నీళ్లు. చూసేవాళ్లు లేరు. పైగా ఆకలి.

ఆవిడ తెలివైనది. "పున్నమి గదా, పెద్దామె నీచు ముట్టదేమో" అని తనే గ్రహించి, వంకాయలు కాల్చి చింతపండు పిసికి పచ్చిపులుసు చేసింది. మా పిల్లలకి మాత్రం చేపల పులుసు. సత్తు పళ్లేల్లో పొగలు కక్కే అన్నం. అమ్మ అలవాటు ప్రకారం వడ్డించడానికి లేచింది. ఆవిడ అమ్మ చేతిలోంచి గరిటె లాక్కుని, "నువ్వు కూడా కూకో అక్కా. నేనున్నాగా" అంది.

అమ్మ కూర్చుంది. ఓ పక్క నాన్న, ఓ పక్క నాయనమ్మ, మధ్యలో అమ్మ. అందరితోపాటు, అందరికీ అన్నం వేడిగా ఉండగానే. అమ్మ అలా తినడం నేను చూడ్డం అదే మొదలు. ఇంట్లో అమ్మ అందరూ తిన్నాక, చల్లారిన అన్నం, అడుగున మిగిలిన కూర తినేది. రెండోసారి అన్నం పెట్టించుకుంటూ అమ్మ ఎంత సిగ్గుపడిందో! ఏదో దొంగతనం చేస్తున్నట్టు.

వచ్చేటప్పుడు అమ్మ ఆవిడ చేతులు పట్టుకుని, "ఈ వేసవికి ఆవకాయ పెట్టగానే జాడీ పంపిస్తాను. మా చుండూరు కారం ఎలా ఉంటుందో చూద్దువుగాని" అంది. ఆవిడ నవ్వి, "నువ్వే పట్రా" అంది.

లాంచీ దిగి పెనుమూడి గట్టెక్కగానే నాయనమ్మ మా అందరికీ ఒకే మాట చెప్పింది. "అక్కడ తిన్న మాట ఇక్కడ అనకండి."

అంతే. కృష్ణ ఇవతలికి వచ్చేశాం గదా!

ఆ వేసవిలో ఆవకాయ పెట్టారు. జాడీ వెళ్లలేదు. "ఎవరైనా అటు వెళ్లేవాళ్లుంటే పంపుదాం" అనుకున్నారు. మరుసటి వేసవిలోనూ అంతే. నిజం చెప్పొద్దూ, బంధువులైతే ఆ జాడీ వెళ్లి ఉండేదే. ఏలూరులో మా పెద్దత్తయ్యకి వెళ్లింది, ఒంగోలులో మావయ్యకి వెళ్లింది. రేపల్లె అవతలికే దారి దొరకలేదు. ఆరు వేసవులు అలా గడిచాయి.

1977 నవంబరు 19. కార్తీక మాసం, శనివారం. మా ఊళ్లో ఆ రోజు గాలికి కొబ్బరిచెట్లు నేలకి వంగి మళ్లీ లేవడం చూశాను. ఇంటి పెంకులు కాగితాల్లా ఎగిరాయి. అదే పెద్ద ప్రళయమనుకున్నాం మేం. దీవిలో ఏం జరిగిందో తెలియడానికి రెండు రోజులు పట్టింది. రోడ్లు లేవు, తంతి లేదు. ఆ సాయంత్రం సముద్రం లేచి లోపలికి వచ్చింది. రెండు నిలువుల పైన ఎత్తున్న నీటిగోడ మైళ్ల తరబడి ఊళ్ల మీదుగా నడిచిపోయింది. సొర్లగొంది లాంటి ఊళ్లలో ఇంటికొకరైనా మిగలని కుటుంబాలు ఎన్నో. సర్కారు లెక్కలోనే చచ్చిపోయినవాళ్లు పదివేలకి దగ్గర. ఆ లెక్కకి అందనివాళ్లు ఎందరో! ఉప్పెన అనే మాట మనకి కొత్త కాదు. 1864 నవంబరు 1న బందరు మీద ఇలాగే వచ్చి ముప్పైవేల మందిని పొట్టన పెట్టుకుందని చరిత్రలో ఉంది. కానీ చరిత్రలో ఉన్నది వేరు, మనకి అన్నం పెట్టిన చెయ్యి అందులో ఉండడం వేరు.

దేశమంతా కదిలిందనే చెప్పాలి. అవనిగడ్డకి చెందిన మంత్రి మండలి వెంకటకృష్ణారావుగారు అక్కడే ఉండి పునరావాసం పనులు చూశారు. రామారావూ నాగేశ్వరరావూ ఊరూరా తిరిగి విరాళాలు పోగు చేశారు. మదర్ థెరిసా వచ్చారు. మా ఊళ్లోనూ పాత బట్టలూ బియ్యమూ పోగుచేసి లారీకెక్కించారు. ఆ రోజు అమ్మ లోపలికి వెళ్లి ఓ జాడీ తెచ్చి లారీలో పెట్టబోయింది. లారీతో వెళ్లేవాళ్లు, "పచ్చళ్లు ఎందుకమ్మా, దార్లో పగులుతుంది" అన్నారు. అమ్మ జాడీ వెనక్కి తీసుకొచ్చి గూట్లో పెట్టింది. ఆ పల్లె సంగతి ఎవరినడిగినా, "అటేపు ఏమీ లేదండీ" అన్న జవాబే వచ్చింది. ఆవిడ పేరు కూడా మేం అడగలేదు. అమ్మని అక్కా అని పిలిచిన మనిషిని అమ్మ ఏమని పిలిచిందో నాకు గుర్తే లేదు.

ఇక్కడితో ఆగిపోతే ఇది ఉప్పెన కథే అయ్యేది. కానీ చుండూరు మనిషిని గనక ఇంకో తారీకు చెప్పక తప్పదు. 1991 ఆగస్టు 6. మా చుండూరు పేరు దేశమంతా వినబడిన రోజు. ఆ రోజు మా ఊళ్లో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. సినిమా హాల్లో ఒకరి కాలు ఇంకొకరికి తగిలిందన్న దగ్గర రాజుకున్న గొడవ అంటారు. పక్క పక్క వరసల్లో కూర్చున్నందుకు! ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో శిక్షలు పడ్డాయి. 2014లో హైకోర్టు వాటిని కొట్టేసింది. కోర్టుల సంగతి రాయడానికి నేనెంతదాన్ని? అప్పటికి నాకు పెళ్లై హైదరాబాదులో ఉన్నాను. పేపర్లో మా ఊరి పేరు చూసి నాకు చప్పున గుర్తొచ్చింది మా నాయనమ్మ మాట. "అక్కడ తిన్న మాట ఇక్కడ అనకండి."

మా నాయనమ్మ చెడ్డది కాదు. ఆకలేసిన పిల్లికి కూడా పాలు పోసే మనిషి. ఆ మాట కూడా మా మంచికే అనుకుని చెప్పింది. మేం విన్నాం. దీవిలో ఓ పూట అందరం ఒక వరసలో కూర్చుని తిని, గట్టెక్కగానే మళ్లీ ఎవరి గడప వాళ్లది, ఎవరి చెరువు వాళ్లది, ఎవరి పేట వాళ్లది. చుట్టూ నీళ్లు లేకుండా కూడా దీవులు తయారు చెయ్యొచ్చని మా ఊరిని చూస్తే తెలుస్తుంది. మా అమ్మాయికి దీవి సంగతి నేనెందుకు చెప్పలేదో కూడా అప్పుడే తెలిసింది. అనకండి అంటే, నాయనమ్మ పోయాక కూడా అనలేదన్నమాట నేను!

అందుకని ఫోన్లో మొత్తం చెప్పేశాను. జాడీతో సహా. మా అమ్మాయి అంతా విని, "అయితే టికెట్లు రద్దు. చుండూరు వచ్చేస్తున్నా" అంది. మావారు పేపరు దించి, మొట్టమొదటిసారి ఆ ప్రయాణాన్ని మెచ్చుకున్నారు.

ఇప్పుడు లాంచీ లేదు. పెనుమూడికీ పులిగడ్డకీ మధ్య వారధి వచ్చింది. నేను ఆ పెద్ద కృష్ణని రెప్ప వేసి తెరిచేలోగా దాటేశాం. పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి ముందే పాలకాయతిప్ప దగ్గర సముద్రం. దారిలో పక్కా తుపాను షెల్టర్లు కనబడ్డాయి, ఉప్పెన తర్వాత కట్టినవి. దూరాన మడ అడవి పచ్చగా, గంభీరంగా ఉంది. ఏటా చలికాలం వెళ్లేటప్పుడు ఈ తీరానికి సముద్రపు తాబేళ్లు వచ్చి గుడ్లు పెట్టిపోతాయిట. అటవీశాఖవాళ్లు వాటిని కాపాడి, పిల్లలయ్యాక నీళ్లలోకి వదిలిపెడతారు. తల్లి ఒకసారి గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది, ఇంక తిరిగి చూడదు. మనం అలా ఉండలేం గదా అనుకున్నాను.

మోకాళ్లలోతు నీళ్లలో మేమిద్దరం నిలబడ్డాం, నేనూ మా అమ్మాయీ. సంకల్పం లేదు, మునకలు లేవు. ఊరికే, సరదాగా. మా అమ్మ కనక చూస్తే, "పుణ్యమేదే?" అని అడగదు లెండి. తనూ వచ్చి నిలబడేది.

భోజనానికి రోడ్డు వార ఓ చిన్న మెస్సులో ఆగాం. రేకుల కప్పు, నాలుగు బల్లలు. ఒకావిడ, యాభై దాటి ఉంటాయి, తనే వండి తనే వడ్డిస్తోంది. రొయ్యల ఇగురు, చేపల పులుసు, మావారి కోసం వంకాయ కూర. పీతలు లేవంది, వానలు పడితేగాని బాగుండవంది. అన్నం పొగలు కక్కుతోంది. ఆ పులుసు రుచి నా నాలిక మీద ఎక్కడో దాక్కుని ఉందని నాకు తెలియనే తెలియదు. ఒక్క ముద్దతో బయటికి వచ్చింది.

సంచిలోంచి జాడీ తీసి ఆవిడకిచ్చాను. "ఇదేందమ్మా?" అంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, "మా అమ్మ మీ ఊరికి బాకీ ఉంది" అన్నాను. ఉప్పెనకి ముందు సంగతి అని చెప్పాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. "మా అమ్మా, ఇద్దరు తమ్ముళ్లూ దాంట్లోనే పోయారు. నేను తాడిచెట్టు పట్టుకుని బతికా" అంది, ఇవాళ కూర ఏమిటో చెప్పినంత మామూలుగా. తర్వాత జాడీ మూత తీసి వాసన చూసి, వేలితో ఇంత నాకి, "ఉప్పు కొంచెం తగ్గింది" అంది.

మావారు పకపకా నవ్వారు. నలభై ఏళ్లకి పైగా ఆ మాట అనడానికి ఆయనకి ధైర్యం చాలలేదు మరి. సముద్రం ఒడ్డున బతికే మనిషికి ఎవరి ఉప్పైనా తగ్గినట్టే ఉంటుందని నన్ను నేను సముదాయించుకున్నాను.

"మీరూ కూర్చోండి, కలిసి తిందాం" అన్నాను. "మీరు తినండమ్మా. నేను తర్వాత తింటాలే, అందరూ అయ్యాక" అంది. అచ్చం మా అమ్మ గొంతు.

మా అమ్మాయి అప్పటికే లేచింది. పక్క బల్ల దగ్గరున్న కుర్చీ లాగి మా వరసలో వేసింది. గోడవార దొంతరగా ఉన్న కంచాల్లోంచి ఒకటి తీసి తుడిచి పెట్టింది. ఆవిడ చేతిలో గరిటె పుచ్చుకుని, "మీరు కూర్చోండి పిన్నీ, నేనున్నాగా" అంది.

ఆ మాట నేను దానికి నేర్పలేదు. ఫోన్లో ఒకసారి విన్నదే.

ఆవిడ ఇటూ అటూ చూసి, చేతులు కొంగుకి తుడుచుకుని, కూర్చుంది. మా అమ్మాయికి వడ్డించడం రాదు. అన్నం మధ్యలో పెట్టాల్సింది అంచున పెట్టింది, పులుసు బల్ల మీద ఒలకబోసింది. ఎవరూ ఏమీ అనలేదు. ఆవిడ ఆవకాయ కలుపుకుని మొదటి ముద్ద తింటుంటే, "అమ్మా, మీ పేరేమిటి?" అని అడిగాను.

చెప్పింది. ఇక్కడ రాయను, అది ఆవిడ సొంతం. నేను మాత్రం మర్చిపోను. మా ఊరు వెళ్లాక ఎవరడిగినా, ఎక్కడ తిన్నామో, ఎవరి పక్కన కూర్చుని తిన్నామో చెబుతాను.